సున్నపు రాళ్ళు దాటిన ఇజ్జా

తిజ్గిన్ ఊళ్ళో ఇజ్జా కాళ్ళ గొప్పతనం తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. ఆవిడ పేరు కూడా ఇజ్జాయే. మిగతా ఊరికి అవి అందరికీ ఉన్నట్టే రెండు కాళ్ళు. పొద్దున్న కొండెక్కుతాయి, మధ్యాహ్నానికి గడ్డిమోపుతో దిగుతాయి, సాయంత్రం నీళ్ళకెళ్ళి వస్తాయి. అందులో చెప్పుకోవలసింది ఏముందని వాళ్ళు ఏనాడూ చెప్పుకోలేదు.

ఉంది మరి. ఎనిమిదేళ్ళ వయసులో తప్పిపోయిన మేకపిల్లను వెతుక్కుంటూ పోయి, కనుమ కింద ఎర్రమట్టి జారుడు మీదుగా ఊళ్ళోకి దిగింది ఇజ్జా. అంతకుముందు అటునుంచి మనిషన్నవాడు దిగలేదు. కంచరగాడిదలు తోలే మగవాళ్ళు కొండ చుట్టూ తిరిగి వచ్చేసరికి గంటన్నర పట్టేది. ఇజ్జా పొయ్యి మీద టీ కాగేలోపు దిగేసింది. మేకపిల్ల భుజం మీదే ఉంది. దాన్ని చూసి వాళ్ళ నాన్న సంతోషించాడు, అంటే మేకపిల్లను చూసి. ఆ తరువాత నెమ్మదిగా ఊరంతా ఆ దారి పట్టింది. దారికి ఎర్రదారి అని పేరు కూడా పెట్టుకున్నారు. ఇజ్జాదారి అనొచ్చు కదా? అనలేదు. ఈ మాట ఇజ్జా నలభై ఒకటో ఏట కూడా మరిచిపోలేదు.

పదహారేళ్ళకు పెళ్ళి చేశారు. మొగుడు బీహీ కంచరగాడిదలు తోలేవాడు. మంచివాడు. కాకపోతే అతని నోట్లోంచి మాట బయటికి రావాలంటే ముందు రొట్టె లోపలికి పోవాలి. అత్త యామ్నా పెద్ద నోరున్న మనిషి, కానీ ఆ నోట్లో మెచ్చుకోలు అనే మాటకు చోటు లేదు. ఇజ్జా రెండు మోపుల గడ్డి ఒకేసారి తెచ్చినా, "ఇంతేనా? కొండ మీద గడ్డి అయిపోయిందా ఏంటి?" అనేది. పెద్దకోడలికి అది అలవాటైపోయింది. ఆవిడెవరినీ మెచ్చుకోదులే అని సరిపెట్టుకుంది. పదహారేళ్ళు అలాగే సరిపెట్టుకుంది.

అప్పుడు కెల్తూమ్ వచ్చింది.

బీహీ తమ్ముడు మర్రాకేష్‌లో తాపీపని చేస్తాడు. ఏడాదికి రెండుసార్లు వస్తాడు. అతనికి పక్క లోయ నుంచి, కాస్త చదునైన నేల నుంచి, పంతొమ్మిదేళ్ళ పిల్లను తెచ్చారు. వచ్చిన మూడోరోజు గడ్డికి తీసుకెళ్తే కెల్తూమ్ రెండుసార్లు జారింది, ఒకసారి ఏడ్చింది. తోడికోడలు కదా, పైగా చిన్నపిల్ల అని ఇజ్జాకు జాలేసింది.

"ఏడవకే. కాళ్ళ కేసి చూడకు. మూడు రాళ్ళ అవతల చూడు. కాలెక్కడ పెట్టాలో దానికే తెలుస్తుంది. మోపున్నప్పుడు కొండవైపు వాలు, లోయవైపు కాదు."

"పడిపోతానేమో అక్కా."

"పడితే లేస్తావు. లే."

అలా ఒక వేసవంతా దగ్గరుండి నేర్పింది. ఏ మలుపులో రాయి కదులుతుందో, ఏ పొద దగ్గర పట్టు దొరుకుతుందో, ఎర్రదారిలో మడమ ఎలా దించాలో అన్నీ చెప్పింది. ఆ వేసవి తన నాలుక ఎందుకు పడిపోలేదా అని ఇజ్జా తరువాత చాలాసార్లు అనుకుంది.

కెల్తూమ్ కాన్పు కూడా ఇక్కడే చెప్పాలి. సంతరోజు అది. ఊళ్ళో మగవాళ్ళు లేరు, ఆడవాళ్ళు సగంమంది లేరు. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని కనుమ అవతలి ఊళ్ళో ఉంటుంది. చుట్టుదారిన పోతే పనవదని ఇజ్జా ఎర్రమట్టి జారుడునే పట్టుకుని పైకి ఎక్కింది. దిగడానికే ఒళ్ళు దగ్గర పెట్టుకోవలసిన దారి అది. రెండడుగులు వేస్తే ఒకడుగు కిందికి జారుతుంది. గోళ్ళు ఊడాయి. అయినా ఎక్కింది, కనుమ దాటింది, మంత్రసానిని గాడిదమీద కూర్చోబెట్టి పగ్గం పట్టుకుని పరుగెత్తించుకుంటూ తెచ్చింది. ఇదిర్ పుట్టాడు, తల్లీ బతికింది. పేరు పెట్టిన రోజు విందులో అందరూ మంత్రసాని చేతివాసి గురించి మాట్లాడుకున్నారు. ఆ జారుడు ఎక్కడం చూసినవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి ఆ మాట రాలేదు. అత్త మాత్రం ఇజ్జా వైపు చూసి, "ఎంతసేపే! అక్కడే కాపురం పెట్టేశావేమో అనుకున్నా," అంది.

ఇదంతా ఇజ్జా మింగింది. మింగలేనిది తరువాత వచ్చింది.

రెండేళ్ళ కిందట కొండపరుగు మొదలైంది. పట్నం నుంచి, దేశదేశాల నుంచి జనం వచ్చి, తడి పీల్చే బనియన్లు వేసుకుని, మేం గడ్డికి తిరిగే దారుల్లో ఊరికే పరుగెత్తి వెళ్ళిపోతారు. వెనక ఏమీ మోసుకు రారు. ఊరి పెద్దలు దారి ఇచ్చినందుకు, పరుగు నడిపేవాళ్ళు మా ఆడవాళ్ళకూ ఒక చిన్న పరుగు పెట్టారు. ఊట దగ్గర బయల్దేరి, కనుమ ఎక్కి, అక్కడ చేతిమీద ముద్ర వేయించుకుని, ఎటునుంచైనా సరే దిగి బడి ముందుకు చేరాలి. అది విన్న రోజు ఇజ్జా గుండె చిన్నపిల్లలా గంతులేసింది. కనుమ ఎక్కి దిగడం! అది తన పని. తను పుట్టిందే దానికోసం.

ఆ ఏడు పరుగు రోజున ఇదిర్‌కు తట్టు పోసింది. పిల్లాడి దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. "నువ్వుండు ఇజ్జా, అది చిన్నది, సరదాగా వెళ్ళొస్తుంది," అంది యామ్నా. ఇజ్జా ఉండిపోయింది. కెల్తూమ్ వెళ్ళి అందరికన్నా ముందొచ్చింది.

రెండో ఏడు పరుగు వాళ్ళకు రొట్టెలు కాల్చే పని ఈ ఇంటికి పడింది. రొట్టెలు ఎవరు కాలుస్తారు? పెద్దకోడలు. మళ్ళీ కెల్తూమే అందరికన్నా ముందొచ్చింది.

పరుగు వాళ్ళు ఫొటో తీసి, పెద్దది చేసి, అద్దం కట్టించి పంపారు. మెడలో పతకం, కాళ్ళకు వాళ్ళిచ్చిన కొత్త బూట్లు, మొహం నిండా నవ్వు. యామ్నా దాన్ని అతిథుల గదిలో, టీ పళ్ళెం పెట్టేచోటికి సరిగ్గా ఎదురుగా తగిలించింది. వచ్చినవాళ్ళకల్లా చూపించి, "మా కోడలు! జింకే అనుకో," అనడం మొదలుపెట్టింది. పాతికేళ్ళుగా లేని మాట ఆ నోట్లో ఎక్కడ దాగి ఉందో! ఎవరినీ మెచ్చుకోదు అనుకున్న మనిషి మెచ్చుకుంటోంది. అంటే ఇన్నాళ్ళూ మెచ్చుకోలేక కాదు, తనను మెచ్చుకోవాలనిపించక అన్నమాట. ఇజ్జా కడుపు మండింది. టీ పోసేటప్పుడు చూపు గ్లాసు మీదే పెట్టుకోవడం నేర్చుకుంది. ఒకసారి ఆ అద్దం తుడుస్తూ తుడుస్తూ, గుడ్డ అక్కడే పెట్టి చేతులు వెనక్కి కట్టుకుంది. వాటిమీద తనకే నమ్మకం లేకపోయింది.

కెల్తూమ్ చెడ్డది కాదు. అదే అసలు బాధ. చెడ్డదైతే తిట్టుకోవచ్చు. అక్కా అక్కా అంటూ తిరుగుతుంది, ఇదిర్‌ను పెద్దమ్మ దగ్గరే పడుకోబెడుతుంది, కొత్త బూట్లు, "నువ్వు తొడుక్కో అక్కా, నీకూ సరిపోతాయి," అని ఇవ్వబోయింది కూడా. సరిపోయాయి. ఇజ్జా తొడిగి చూసి, "బిగుతు," అని విసిరేసింది.

ఈ ఏడు ముందే చెప్పేసింది ఇజ్జా. "నేనూ పరుగెత్తుతున్నా."

యామ్నా అక్రోటు కాయలు కొడుతోంది. చెయ్యి ఆపలేదు. "ఈ వయసులో నీకెందుకే? మోకాళ్ళు పట్టేస్తే పొయ్యి దగ్గర ఎవరు కూర్చుంటారు? నేనా?"

"రానీ అత్తా," అంది కెల్తూమ్. "అక్క వస్తే దారిలో నాకు తోడుంటుంది."

తోడట! ఇజ్జా ఒళ్ళు భగ్గుమంది. పొయ్యిలో కట్టెలు ఎగదోసి బయటికి నడిచింది. ఆ రోజు నుంచి గడ్డికి వెళ్ళినప్పుడల్లా మోపు కట్టి కింద పెట్టి, ఎవరూ చూడకుండా కనుమదాకా పరుగెత్తి వచ్చి మళ్ళీ మోపెత్తుకునేది. కాళ్ళు పాతవే, ఏమీ మరిచిపోలేదు.

ఇక సున్నం సంగతి. మా లోయలో తెల్లరాయి అంటే తలుపు. వసంతంలో పైకొండ బీడును మా సాధువు సీదీ ఉమ్గార్ పేరు మీద మూసేస్తారు. దాన్నే అగ్దాల్ అంటాం. కాపలా చూసే హమ్మూ తాత దారుల మొదట్లో రాళ్ళు పేర్చి సున్నం కొడతాడు. ఆగస్టులో తెరిచేదాకా ఆ రాయి దాటి మేక గిట్టా పోదు, మనిషి కాలూ పోదు. ఏ ఏడు ఏ దారి మూయాలో పెద్దల ఇష్టం. ఎందుకని అడిగే అలవాటు ఎవరికీ లేదు. పూర్వం ఒకడు దాటాడని, వాడి మందలో ఆపైన ఒక్క పిల్లా నిలవలేదని చెప్పుకుంటారు. నడక వచ్చీరాని పిల్లలకు మేం ముందు నేర్పేది నిప్పు ముట్టుకోవద్దని, తరువాత తెల్లరాయి దాటొద్దని.

పరుగు ఇంకా నాలుగు రోజులుందనగా బీహీ అన్నానికి కూర్చుని, మొదటి రొట్టె అయ్యాక నోరు విప్పాడు.

"ఈ రోజు రెండు గోతాల సున్నం మోశాను."

"ఎవరింటికి?"

"ఇంటికి కాదు, పరుగు వాళ్ళకి. నిరుడు చెట్లకి కట్టిన రిబ్బన్లన్నీ మేకలు తినేశాయి కదా. ఈసారి దారి తెలిసేలా రాళ్ళకి సున్నం కొడతాడట ఆ పట్నం కుర్రాడు, అనస్."

"ఎక్కడెక్కడ?"

"పెద్దబండ దగ్గర నుంచి కనుమదాకా. ఇంకో రొట్టె ఉందా?"

రొట్టె తీస్తున్న ఇజ్జా చెయ్యి అక్కడే ఆగిపోయింది. పెద్దబండ దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఒకటి నేరుగా కనుమకు, ఇంకొకటి పాత వాగు మీదుగా గంటసేపు చుట్టి అదే కనుమకు. నేరుదారి మొదట్లో తెల్లరాయి కనపడితే మా ఆడవాళ్ళలో ఒక్కతి కూడా అటు అడుగు వేయదు. పట్నం వాడికి 'ఇటు రండి' అయినది మాకు 'వెనక్కి పొండి'. బీహీకి ఇది తట్టనే లేదు.

"హమ్మూ తాతకి చెప్పావా?" అని అడిగింది.

"ఏం చెప్పాలి?"

"ఏం లేదులే. తిను," అని రొట్టె అందించింది. అంతే. అంత చిన్న మాటతో అయిపోయింది.

చెప్పాలని అనుకోకపోలేదు. మర్నాడు ఊట దగ్గర ఆడవాళ్ళంతా కడవలతో ఉన్నప్పుడు నోటిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఎవరో, "ఈసారి కూడా కెల్తూమ్‌దేగా, మనమంతా ఎందుకు ఆయాసపడటం!" అన్నారు. కెల్తూమ్ నవ్వుతూ, "లేదర్రా, ఈసారి అక్కని గెలిపిద్దామనుకుంటున్నా," అంది. ఊటంతా పకపకా నవ్వింది. నోటిదాకా వచ్చిన మాటను ఇజ్జా మళ్ళీ లోపలికి మింగేసింది. గెలిపిస్తుందట, జాలిపడి. చూద్దాం ఎవరు ఎవరిని గెలిపిస్తారో!

పరుగు రోజు ఎండ ఎక్కకముందే ఊట దగ్గర పన్నెండుమంది ఆడవాళ్ళు చేరారు. దేశదేశాల వాళ్ళు అప్పటికే వేరే పెద్ద దారిన వెళ్ళిపోయారు. అనస్ మైకు పట్టుకుని పట్నం భాషలో చాలాసేపు చెప్పాడు. మనవాళ్ళు అర్థమైనట్టు మర్యాదగా తలలూపారు. ఈల వేశాడు.

ఎక్కుడు మొదలవగానే కెల్తూమ్ ముందుకు పోయింది. ఆ కొత్త బూట్లు రాళ్ళ మీద అసలు చప్పుడు చేయడం లేదు. పది గజాల వెనక ప్లాస్టిక్ చెప్పులతో ఇజ్జా. కళ్ళు ఎత్తితే చాలు, ఎదురుగా ఆ పిల్ల వీపు. మూడు రాళ్ళ అవతల చూస్తోంది. కొండవైపు వాలుతోంది. మలుపులో కదిలే రాయిని తొక్కకుండా గెంతింది. అన్నీ తను నేర్పినవే. తన నడకే తనకంటే ముందు, పదమూడేళ్ళు చిన్నదై పరుగెత్తుతుంటే ఇజ్జాకు కళ్ళు కుట్టాయి. అసూయకు ఊపిరాడనివ్వని గుణం ఉంది, ఎక్కుడు కన్నా ఎక్కువ ఆయాసం దానిదే.

పెద్దబండ దగ్గర కెల్తూమ్ ఆగిపోయింది. నేరుదారి మొదట్లో నాలుగు రాళ్ళు, పక్కపక్కన, తెల్లగా. పైకి కూడా దారి పొడుగునా తెల్ల రాళ్ళే.

వెనకవాళ్ళు వచ్చి గుంపయ్యారు. "అయ్యో, ఇది కూడా మూసేశారా?" "ఎప్పుడు? మొన్న లేదే!" "పెద్దోళ్ళు మూశారంటే మూశారు, దగ్గరికెళ్ళకు, నీ గౌను తగులుతుంది!" "సీదీ ఉమ్గార్, తప్పు కాయి తండ్రీ."

కెల్తూమ్ వెనక్కి తిరిగి ఇజ్జా కేసి చూసింది. ఒక్క చూపు. ఇజ్జా చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగింది.

"పాత వాగు దారిన పోదాం పదండి," అంది కెల్తూమ్. పదకొండుమందీ వాగువైపు మళ్ళారు. వాళ్ళ మాటలు దూరమయ్యేదాకా ఇజ్జా చెప్పు సరిచేసుకుంటూనే ఉంది.

తరువాత లేచి నిలబడింది. ఇది అనస్ సున్నం, బీహీ మోసిన సున్నం, హమ్మూ తాతది కాదు, అని తనకు తనే చెప్పుకుంది. కాలు లేవలేదు. నలభై ఏళ్ళుగా ఆగిన కాలు అది. అప్పుడు అతిథుల గదిలోని అద్దం గుర్తొచ్చింది. బిస్మిల్లా అని, కళ్ళు మూసుకుని దాటింది.

ఆ తరువాత పరుగెత్తిన పరుగు ఇజ్జా జన్మలో పరుగెత్తలేదు. తెల్లరాయి పక్కనుంచి పోయినప్పుడల్లా గుండె దడదడలాడింది, ఆ దడకే కాళ్ళు ఇంకా వేగం అందుకున్నాయి. కనుమ మీద కుర్చీ వేసుకున్న పట్నం పిల్ల చేతి మీద ముద్ర వేసి ఏదో అంది, నవ్వింది. ఎర్రమట్టి జారుడులో మడమ దించి దించి, దుమ్ములో దుమ్మై దిగింది. ఒక్కరు కూడా చూడలేదు. ఈసారీ చూసినవాళ్ళు లేరు.

బడి ముందు అనస్ పతకం మెడలో వేశాడు. పట్నం వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఊరివాళ్ళు కూడా కాస్త ఆశ్చర్యంగా కొట్టారు. యామ్నా చెయ్యి అడ్డం పెట్టుకుని కొండకేసి చూస్తూ, "మిగతావాళ్ళేరీ?" అంది. పాతికేళ్ళ కాపురానికి అత్తగారి నోటి నుంచి వచ్చిన అభినందన అది.

మిగతావాళ్ళు గంట తరువాత వచ్చారు. పదకొండుమందీ ఒక్కటిగా, గౌను అంచులు నడుముకు దోపుకుని, వాగులో మొహాలు కడుక్కుని, పెళ్ళివారిలా నవ్వుకుంటూ వచ్చారు. ఊరంతా ఎదురెళ్ళింది. తెల్లరాళ్ళ సంగతి చెప్పగానే హమ్మూ తాత కర్ర నేలకేసి కొట్టాడు.

"కనుమదారి నేను మూయలేదే! ఎవడ్రా నా పని చేసింది?"

విషయం తెలిసి అనస్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. రొట్టె నములుతున్న బీహీ, "సున్నం మోసింది నేనేగా," అన్నాడు. జనం కడుపు పట్టుకుని నవ్వారు. మేకలు తినని రిబ్బన్ను ఆడవాళ్ళు దాటలేదని ఒకళ్ళు, వచ్చే ఏడు బొగ్గు వాడమని ఒకళ్ళు. ఆ నవ్వుల మధ్య యామ్నా గొంతు లేచింది.

"అవునుగానీ, మరి ఇది ఎలా దాటింది?"

అందరూ ఇజ్జాను, ఆమె మెడలోని పతకాన్ని చూశారు.

హమ్మూ తాత బీహీ వైపు తిరిగాడు. "సున్నం సంగతి ఇంట్లో చెప్పావురా?"

బీహీ నమలడం ఆపాడు. భార్యకేసి చూశాడు. "ఏమో తాతా. రొట్టె అడిగినట్టు గుర్తు. ఇంకేం గుర్తులేదు," అన్నాడు. నిజంగానే గుర్తులేదో, తెలిసే అన్నాడో, ఇజ్జాకు ఈ రోజుకీ తెలియదు.

ఆవిడకు మిగిలినవి రెండే జవాబులు. తెలిసి చెప్పలేదంటే కెల్తూమ్ మీద కుళ్ళుతో పదకొండుమందిని దారి తప్పించిందని ఊరంతా అంటుంది. అందులో కెల్తూమ్ కూడా ఉంటుంది. తెలియదంటే సీదీ ఉమ్గార్ రాయిని తొక్కిన మనిషవుతుంది. సాధువు క్షమిస్తాడేమో. కెల్తూమ్ ముందు కుళ్ళుబోతుగా నిలబడటం మాత్రం చచ్చినా వల్ల కాదు.

"మూసేశారనే అనుకున్నా," అంది ఇజ్జా, తల ఎత్తి. "అయినా దాటా. గెలవాలని దాటా."

ఆడవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. యామ్నా, "ఓ దేవుడా, నా ఇంట్లోనా!" అని అక్కడే కూలబడింది. హమ్మూ తాత గడ్డం నిమిరి తీర్పు చెప్పాడు.

"రాళ్ళు మావి కావు. కానీ నీ మనసులో అవి మావే. నువ్వు మనసులో అగ్దాల్ తొక్కావమ్మా. అగ్దాల్ తెరిచే రోజు సాధువు దగ్గర అందరికీ వండటానికి ఒక గొర్రె ఇవ్వాలి. ఈ రోజే తెచ్చి నా దొడ్లో కట్టు."

"ఇస్తా," అంది ఇజ్జా. పతకం తీసి గౌనులోకి తోసి, ఎవరినీ చూడకుండా పై దొడ్డికి నడిచింది.

అక్కడ తన సొంత గొర్రె ఉంది, నల్ల మొహంది, తను పాలు పట్టి పెంచింది. దాని మెడకు తాడు వేస్తుంటే వెనక అడుగులు వినపడ్డాయి. చప్పుడు చేయని బూట్లు. చూడకుండానే ఎవరో తెలిసింది.

"ఎందుకొచ్చావ్? గొర్రెకి తోడా?"

"అక్కా, నువ్వు అందరి ముందూ అబద్ధం చెప్పావు."

ఇజ్జా తాడు ముడి వేస్తూనే ఉంది.

"అవి పరుగు రాళ్ళని నీకు తెలుసు," అంది కెల్తూమ్. "సున్నం గోతాలు దులిపింది నేనే. అవి దేనికని బావగారిని అడక్కుండా ఉంటావా నువ్వు?"

"తెలిస్తే? వెళ్ళి చెప్పుకో. అత్తకి ఇంకో ఫొటో తగిలించే పని దొరుకుతుంది."

"ఎలా చెప్తాను? నాకూ తెలుసుగా."

ఇజ్జా చేతులు ఆగాయి.

"నిన్న గడ్డికెళ్ళినప్పుడు చూశా. ఆ కుర్రాడు పెద్దబండ దగ్గర కూర్చుని కుంచెతో పూస్తున్నాడు. నాకు చెయ్యి కూడా ఊపాడు. నేనూ ఎవరికీ చెప్పలేదు. నీకసలే చెప్పకూడదనుకున్నా. నువ్వు అక్కడ ఆగిపోతావు, నేను దాటి పోతానని లెక్క వేసుకున్నా." కెల్తూమ్ మొహం ఎర్రబడింది. "తీరా అక్కడికెళ్ళాక కాలు కదల్లేదక్కా. వాడు పూస్తుంటే కళ్ళారా చూశాను, అయినా కదల్లేదు."

"ఓసి దొంగమొహందానా!" అంది ఇజ్జా. "రెండుసార్లు గెలిచావు, చాల్లేదా నీకు?"

"నువ్వు లేకుండా గెలిస్తే అదొక గెలుపా? ఊళ్ళో ఎవరికి తెలియకపోయినా నాకు తెలియదా? నువ్వు దిగితే నేను రెండోదాన్నే. నువ్వు దిగుతానన్నప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు."

"దారిలో తోడన్నావుగా ఆ రోజు? గెలిపిస్తానన్నావుగా, ఊట దగ్గర?"

"మరేమనాలి? భయమేస్తోంది అనాలా అందరి ముందు?" కెల్తూమ్ దొడ్డి గోడకు ఆనుకుంది. "ఇదిర్ పుట్టిన రోజు కిటికీ పక్కనే పడుకున్నాను కదా. నువ్వు ఎర్రమట్టి జారుడు ఎక్కడం చూశాను. ఎక్కడం! రెండడుగులు వేస్తావు, జారతావు, మళ్ళీ వేస్తావు. ఒకచోట బోర్లా పడ్డావు, గుండె ఆగిపోయింది నాకు. మళ్ళీ లేచావు. అంత నొప్పుల్లో ఉన్నానా, బిడ్డ బతకాలని దేవుణ్ణి అడుగుతున్నానా, ఆ మధ్యలోనే కళ్ళు కుట్టాయక్కా. ఆ కాళ్ళు నాకిస్తే నీ సొమ్మేం పోయింది అని దేవుణ్ణే అడిగాను. సిగ్గులేకుండా."

గొర్రె తాడు లాగింది. ఇజ్జా కదల్లేదు. ఏడేళ్ళుగా ఎవరూ చూడలేదనుకున్నది ఒకరు చూశారు. ఎవరి మీద కడుపు మండిందో ఆ మనిషే చూసింది, చూసి కడుపు మండించుకుంది. ఇజ్జా కళ్ళు చెమర్చాయి. చెప్పరానంత సంతోషం వేసింది. అది మంచి సంతోషం కాదని తెలుసు, అయినా వేసింది.

"మళ్ళీ చెప్పు," అంది.

"ఏది?"

"ఆ కిటికీ సంగతి. బోర్లా పడ్డది ఎక్కడ? ఎండిన చెట్టు దగ్గరా, దాని పైనా?"

"పైన. ఇంకో నాలుగు అడుగులు పైన."

"ఆఁ, అక్కడే. అక్కడ మట్టి ఒట్టి పిండి. ఊఁ, తరువాత?"

కెల్తూమ్ మొదటి నుంచి మళ్ళీ చెప్పింది. ఇజ్జా ఒక్క మాట కూడా జారిపోకుండా విన్నది, రెండుచోట్ల సరిదిద్దింది.

"ఆ గొర్రెలో సగం నాది అని హమ్మూ తాతకి చెప్తాను," అంది చివరికి కెల్తూమ్. "నా మనసులోనూ తప్పుంది."

"వద్దు. దాటింది నేను. నువ్వు దాటలేకపోయావుగా," అంది ఇజ్జా. ఆ మాట అంటున్నప్పుడు గొంతులో ఎంత తియ్యదనం ఉందో, నల్ల మొహం గొర్రె కూడా తలెత్తి చూసింది.

ఊళ్ళోకి దిగే దారి సన్నం. ఇద్దరు పక్కపక్కన నడవలేరు. కెల్తూమ్ పక్కకు తప్పుకుని, "నువ్వు ముందు నడు అక్కా," అంది. ఇజ్జా తాడు చేతికి చుట్టుకుని ముందు నడిచింది. గౌనులో పతకం చల్లగా తగులుతోంది. మొదటి మలుపు దాటాక వెనక ఆ బూట్లు దగ్గరపడుతున్నాయని అనిపించింది. అసలే చప్పుడు చేయనివి, ఎంత దగ్గరికి వచ్చాయో తెలియడం లేదు. తిరిగి చూస్తే చిన్నతనం. ఇజ్జా గొర్రెను ఒక్క గుంజు గుంజి, అడుగు వేగం పెంచింది.